ఆ ప్రశ్న మీరు అడగకండి: గణితం చెప్పే అధ్యాపకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో గణితం, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ చెబుతున్న అధ్యాపకులందరికీ నమస్కారం. రెగ్యులర్, కాంట్రాక్ట్, గెస్ట్ అన్న తేడా లేకుండా అందరికీ.

నేనూ మీలాగే చాక్‌పీసు నమ్ముకుని బతికేవాణ్ణి. ఇరవయ్యేళ్లకు పైగా లీనియర్ ఆల్జీబ్రా చెబుతున్నాను, సిలబస్ మారాక ఈమధ్య పీసీఏ (ప్రిన్సిపల్ కాంపోనెంట్ అనాలిసిస్, పెద్ద డేటాని కొన్ని ముఖ్యమైన దిశల్లోకి కుదించే పద్ధతి) కూడా. మనం ప్రతి ఏడాదీ క్లాసులో పలికే ఒక పేరు ఉంది, డేవిస్. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మీతో మాట్లాడాలని, మాట్లాడాక మనందరి గురించి ఒకటి అడగాలని ఈ లేఖ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పీసీఏ చెప్పే రోజు క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా లేచి అడుగుతారు. "సార్, మన చేతిలో ఉన్నది శాంపిల్ కదా, దాన్నుంచి వచ్చిన మాట్రిక్స్ అసలు మాట్రిక్స్‌కి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది కదా, మరి దీని ఐగెన్ వెక్టర్లని ఎంతవరకు నమ్మొచ్చు?" అప్పుడు డేవిస్–కాహన్ సిద్ధాంతం బోర్డు మీదకి వస్తుంది. సిమెట్రిక్ మాట్రిక్స్‌కి చిన్న మార్పు కలిపితే ఐగెన్ వెక్టర్లు, అంటే ఆ మాట్రిక్స్ దిశ తిప్పకుండా సాగదీసే వెక్టర్లు, పక్కకి తిరుగుతాయి. ఎంత తిరుగుతాయంటే, ఆ కోణం సైన్ విలువ, కలిపిన మార్పు సైజుని ఐగెన్ విలువల (ఎంత సాగదీస్తుందో చెప్పే సంఖ్యల) మధ్య గ్యాప్‌తో భాగిస్తే వచ్చే సంఖ్యని దాటదు. గ్యాప్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలవాలన్నది జాగ్రత్తగా చెప్పాలి, అది మీకు తెలిసిందే. 1970లో వచ్చిన ఈ ఫలితం లేకుండా ఇవాళ స్పెక్ట్రల్ క్లస్టరింగ్ (ఐగెన్ వెక్టర్లతో డేటాని గుంపులుగా విడదీసే పద్ధతి) మీద పేపర్ రాయడం కష్టం.

కాహన్ గురించి మనం రెండు ముక్కలు చెబుతాం. కంప్యూటర్లు దశాంశాల లెక్క ఎలా చెయ్యాలో తేల్చిన ఐఈఈఈ 754 ప్రమాణం వెనక ఉన్నది ఆయనే, 1989లో కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది అని. డేవిస్ గురించి ఏమీ చెప్పం. నేనైతే చాలా ఏళ్లు చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలీదు.

నాకు ఆయన పరిచయమైంది ఒక ఫుట్‌నోట్‌తో. కాన్వెక్స్ వక్రరేఖల మీద ఆయన పేపర్ ఒకటి 1963లో అచ్చయింది. పేపర్‌లో ఫుట్‌నోట్ దగ్గర మనం ఏం రాస్తాం? ఫలానా సంస్థ ఆర్థిక సాయంతో ఈ పరిశోధన జరిగింది అని రాస్తాం. ఆయన రాసింది ఏమిటంటే, ఈ పరిశోధనకి కొంతమేరకు ఫెడరల్ జైళ్ల వ్యవస్థ సాయం ఉందని, ఇందులోని అభిప్రాయాలు రచయితవేనని, అవి జైళ్ల శాఖ అభిప్రాయాలు కానక్కర్లేదని. మొదటిసారి చదివినప్పుడు సరదాకి రాశారేమో అనుకున్నాను. కాదు. ఆ గణితం నిజంగానే జైల్లో చేసింది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ ఫెడరల్ జైల్లో, 1960లో.

ఏం నేరం చేశారు? ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేదు, అంతే.

చాండ్లర్ డేవిస్ 1926 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ వామపక్షం వాళ్లు, తండ్రి హోరేస్ డేవిస్ ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్. కొడుకు హార్వర్డ్‌లో చదివి, 1950లో గారెట్ బర్కాఫ్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. లాటిస్ థియరీ చదివినవాళ్లకి బర్కాఫ్ ఎవరో చెప్పక్కర్లేదు. ఇంకో పక్క కథలు రాసేవారు. 1946లో, హిరోషిమా మీద బాంబు పడి ఏడాది కూడా కాకముందు, 'ది నైట్‌మేర్' అనే సైన్స్ ఫిక్షన్ కథ 'అస్టౌండింగ్' పత్రికలో వచ్చింది. అణుబాంబుని విమానంలోంచి వెయ్యక్కర్లేదు, నగరంలోనే ఎక్కడో దాచిపెడితే ఏమవుతుంది అన్నది అందులో భయం. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్లు. జరగబోయేదాన్ని లెక్క వేసి చూసి, చూసింది పైకి చెప్పే అలవాటు అప్పుడే ఉందన్నమాట.

1950లో చదువయ్యాక లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగం ఇస్తామంది. కానీ ఆ రోజుల్లో అక్కడ అధ్యాపకులందరూ విధేయతా ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాలి, నేను కమ్యూనిస్టుని కాదు అని. పెట్టనివాళ్లని ముప్ఫై మందికి పైగా తీసేశారు. డేవిస్ ఆ ఉద్యోగం వద్దన్నారు. చేతిలో కొత్త పీహెచ్‌డీ, పెళ్లయి రెండేళ్లు, వచ్చిన ఉద్యోగం వద్దనడం అంటే ఏమిటో మనలో నెట్, సెట్ రాసి ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసినవాళ్లకి బాగా తెలుస్తుంది. తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరారు, యాన్ ఆర్బర్‌లో.

భార్య నటాలీ జీమన్ డేవిస్ పేరు చరిత్ర చదివినవాళ్లకి తెలిసే ఉంటుంది. పదహారో శతాబ్దం ఫ్రాన్స్ మామూలు జనం చరిత్ర రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నావిడ. అప్పటికి ఇంకా విద్యార్థిని. 1952లో ఆవిడ, ఒక స్నేహితురాలు కలిసి 'ఆపరేషన్ మైండ్' అని చిన్న కరపత్రం రాశారు. అమెరికా వ్యతిరేక కార్యకలాపాల మీద విచారణ చేసే ఒక హౌస్ కమిటీ, అంటే మన అసెంబ్లీ సభాసంఘం లాంటిది, ఊరూరా తిరుగుతూ మీరు కమ్యూనిస్టా, మీ స్నేహితుల్లో ఎవరు కమ్యూనిస్టులు అని జనాన్ని నిలబెట్టి అడిగేది. అది మిషిగన్‌కి వస్తోందని, అది చేసేది విచారణ కాదు ఆలోచనల మీద దాడి అని ఆ కరపత్రం సారాంశం. రాసినవాళ్ల పేర్లు దాని మీద లేవు. ప్రింటింగ్ బిల్లు కట్టింది మాత్రం చాండ్లర్, ఆ కరపత్రం వేసిన సంఘానికి ఆయన కోశాధికారి. ప్రెస్సు నుంచి కబురు ఎఫ్‌బీఐకి వెళ్లింది. ఆ బిల్లు పట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు.

ముందు పాస్‌పోర్టులు పోయాయి. ప్రభుత్వం మనుషులు ఇంటికొచ్చి ఇద్దరివీ తీసుకెళ్లారు. నటాలీ థీసిస్ ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం ప్రింటింగ్ కార్మికుల మీద, రికార్డులన్నీ లియాన్‌లో ఉన్నాయి. ఇక వెళ్లే దారి లేదు. ఆవిడ ఏం చేశారంటే ఆ కార్మికులు నాలుగు వందల ఏళ్ల కిందట అచ్చువేసిన పుస్తకాలు అమెరికా లైబ్రరీల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, పత్రాలు దొరకని చోట పుస్తకాలనే పత్రాలుగా చదవడం మొదలుపెట్టారు. 1959లో పీహెచ్‌డీ వచ్చింది, మధ్యలో ముగ్గురు పిల్లలు. ఈవిడ గురించి వేరే లేఖ రాయాలి, ఎప్పుడైనా రాస్తాను.

1954 మే 10. మిషిగన్ రాజధాని లాన్సింగ్‌లో హియరింగ్. అధ్యక్ష స్థానంలో కిట్ క్లార్డీ అనే కాంగ్రెస్ సభ్యుడు, అంటే అమెరికా పార్లమెంటు సభ్యుడు. మిషిగన్ యూనివర్సిటీ నుంచి ముగ్గురిని పిలిచారు. ఫార్మకాలజీ ప్రొఫెసర్ మార్క్ నికర్సన్, జీవశాస్త్రవేత్త క్లెమెంట్ మార్కర్ట్, డేవిస్. ముగ్గురూ జవాబు చెప్పలేదు. కానీ మిగతా ఇద్దరికీ డేవిస్‌కీ మధ్య ఒక తేడా ఉంది, దాన్ని నిదానంగా చెప్పాలి.

అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదు. సభాసంఘాల ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది ఆ సవరణ పేరు చెప్పి నోరు మూసుకునేవారు. దాంతో జైలు తప్పేది. దాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, పిల్లలున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు. కానీ డేవిస్ లెక్క వేరు. ఐదో సవరణ చాటున నిలబడితే, జవాబు చెబితే నాకు ప్రమాదం అని ఒప్పుకున్నట్టవుతుంది, ప్రశ్న అడిగే హక్కు వాళ్లకి ఉందా లేదా అన్నది అలాగే మిగిలిపోతుంది. అందుకని ఆయన మొదటి సవరణ ఒక్కదాన్నే పట్టుకున్నారు. భావప్రకటనా స్వేచ్ఛ అది. నా రాజకీయ అభిప్రాయాలు అడిగే అధికారమే మీకు లేదు, కాబట్టి చెప్పను అన్నారు. అలా అంటే కాంగ్రెస్ ధిక్కారం కేసు పెడతారని ఆయనకి తెలుసు. పెట్టాలనే ఆయన కోరిక, పెడితే కదా కోర్టు దాకా వెళ్లి సభాసంఘం అధికారాన్నే సవాలు చెయ్యగలిగేది.

ఇంకో సంగతి. హియరింగ్ నాటికి ఆయన కమ్యూనిస్టు పార్టీలో లేరు, అంతకుముందే బయటికి వచ్చేశారు. "ప్రస్తుతం సభ్యుణ్ణి కాను" అని ఒక్క మాట అని ఊరుకోవచ్చు, అది నిజం కూడా. అనలేదు. నాకు ఆయన మీద గౌరవం అన్నిటికంటే ఇక్కడ ఎక్కువైంది.

ఇక్కడి నుంచి జరిగినదాని కోసమే నేను ఈ లేఖ రాస్తున్నాను. చాలామంది ఈ కథ చెప్పేటప్పుడు సభాసంఘం ఆయన ఉద్యోగం తీసేసింది అంటారు. సభాసంఘానికి ఎవరి ఉద్యోగం తీసే అధికారం లేదు. అది పిలవగలదు, అడగగలదు, పేపర్లో పేరు వేయించగలదు, ధిక్కారం కేసు పెట్టించగలదు. అంతవరకే. ఉద్యోగం తీసింది యూనివర్సిటీ.

హియరింగ్ జరగ్గానే యూనివర్సిటీ ప్రెసిడెంట్ హార్లన్ హ్యాచర్ ముగ్గురినీ సస్పెండ్ చేశారు. మన భాషలో వీసీ అనుకోండి. తర్వాత కమిటీ వేశారు, అధ్యాపకుల కమిటీ. బయటివాళ్లు ఎవరూ లేరు, అందరూ క్యాంపస్‌లో రోజూ ఎదురయ్యేవాళ్లే. వాళ్లన్న మాట ఇంచుమించు ఇది: మేం సభాసంఘం కాదు, మీ సాటి అధ్యాపకులం, మాకు చెబితే తప్పేముంది, యూనివర్సిటీ పట్ల మీకు నిజాయితీ ఉండాలి కదా, చెప్పండి, మీరు పార్టీ సభ్యులా? అంతకుముందు ఏడాదే, 1953లో, అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల అధిపతులందరూ కలిసి ఒక ప్రకటన చేసి ఉన్నారు, అధ్యాపకుడు అన్నాక తోటివాళ్ల దగ్గర దాపరికం లేకుండా ఉండాలని, పార్టీ సభ్యుడికి యూనివర్సిటీలో చోటు లేదని. కమిటీకి ఆ ప్రకటన చేతికర్ర అయింది.

మార్కర్ట్, నికర్సన్ కమిటీకి జవాబులు చెప్పారు. డేవిస్ చెప్పలేదు. రాజకీయాల గురించి అడిగే హక్కు సభాసంఘానికి లేనప్పుడు ఉద్యోగం ఇచ్చినవాళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నది ఆయన ప్రశ్న. గణితం సరిగ్గా చెబుతున్నానా లేదా అడగండి, పిల్లలకి న్యాయంగా మార్కులు వేస్తున్నానా అడగండి, పేపర్లలో తప్పులున్నాయా చూడండి. నా మనసులో ఏముందో అడక్కండి. ఇది ఆయన మాటల్లో చెప్పడం లేదు, ఆయన వైఖరిని నా మాటల్లో చెబుతున్నాను. కమిటీకి అది నచ్చలేదు. సూటిగా ఉండడం లేదు, తప్పించుకుంటున్నారు, సహోద్యోగి నుంచి ఆశించే తీరు ఇది కాదు అని రాసి ఆయన్ని తీసెయ్యమని సిఫార్సు చేసింది. ఆగస్టులో పాలకమండలి డేవిస్‌నీ నికర్సన్‌నీ ఉద్యోగాల నుంచి తీసేసింది. అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పినా నికర్సన్ ఉద్యోగం కూడా పోయింది చూడండి. మార్కర్ట్‌ని ఉంచారు గానీ మందలించి ఉంచారు, కొన్నేళ్లకి ఆయనే వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు.

ఆ కమిటీలో కూర్చున్నవాళ్లు దుర్మార్గులని నేను అనుకోవడం లేదు. బహుశా మంచి టీచర్లే అయ్యుంటారు. యూనివర్సిటీకి చెడ్డపేరు రాకూడదని, ఫండ్స్ ఆగిపోకూడదని, లోపల మనమే చక్కబెట్టుకుంటే బయటివాళ్లు జోక్యం చేసుకోరని అనుకుని ఉంటారు. ఈ మాట నేను ధైర్యంగా ఎందుకు అంటున్నానంటే, నేనూ అలాంటి కమిటీలో ఒకసారి కూర్చున్నాను.

ఎక్కడ అన్నది చెప్పను, చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కాలేజీ. గెస్ట్ ఫ్యాకల్టీగా ఒకాయన రియల్ అనాలిసిస్ చెప్పేవారు. లిమిట్ సుపీరియర్‌ని ఆయనలాగా చెప్పినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు, నా క్లాసు లేనప్పుడు వెనక బెంచీలో కూర్చుని విన్న రోజులున్నాయి. ఒక ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శిస్తూ ఆయన తన సొంత ఖాతాలో ఒక పోస్టు పెట్టారు. కాలేజీ పేరు లేదు, పిల్లల పేర్లు లేవు, ఒక్క బూతు మాట లేదు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. మేనేజ్‌మెంట్ ముగ్గురు మెంబర్లతో కమిటీ వేసింది, అందులో నేనొకణ్ణి. ప్రిన్సిపాల్ గది పక్క రూములో కూర్చున్నాం. టీ తెప్పించాం. నేనే అడిగాను, చాలా మర్యాదగా, "ఏం లేదు సార్, ఇదంతా ఫార్మాలిటీ, మీరు ఏదైనా సంఘంలో ఉన్నారా?" అని.

ఆయన చెప్పారు. దాపరికం లేకుండా అన్నీ చెప్పారు, ఎందుకంటే అడిగింది నేను, రోజూ కలిసి భోంచేసేవాణ్ణి. రాసుకున్నాం. రిజిస్టర్‌లో సంతకాలు పెట్టాం. మేం ఆయనకి వ్యతిరేకంగా ఏ సిఫార్సూ చెయ్యలేదు, "జరిగిన సంభాషణ ఇదీ" అని మాత్రం రాశాం. అదే న్యాయం అనుకున్నాను. జూన్‌లో కొత్త గెస్ట్ ఫ్యాకల్టీ లిస్టు వచ్చింది, అందులో ఆయన పేరు లేదు. కారణం ఎవరూ చెప్పలేదు, గెస్ట్‌కి కారణం చెప్పక్కర్లేదు కదా. ఆయన వచ్చి లైబ్రరీ పుస్తకాలు అప్పగించి వెళ్లిపోయారు. ఆ రోజు నేను స్టాఫ్‌రూమ్‌లోనే ఉన్నాను. లేచి వెళ్లి మాట్లాడలేదు.

డేవిస్ గురించి చదువుతుంటే నా చెయ్యి ఆగిపోయింది అందుకే. ఆయన కమిటీకి కూడా ఎందుకు జవాబు చెప్పలేదో నాకు అర్థమైంది. శత్రువు అడిగితే ప్రశ్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. స్నేహితుడు టీ కప్పు చేతికిచ్చి అడిగితే అది ప్రశ్న అని కూడా తెలీదు, చెప్పేస్తాం.

మిగతాది తొందరగా చెబుతాను. ఉద్యోగం పోయాక అమెరికాలో ఏ పెద్ద యూనివర్సిటీ కూడా ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. కొన్నాళ్లు ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో, కొన్నాళ్లు సాయంత్రం క్లాసులు, ఒక ఏడాది ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలోషిప్, తర్వాత 'మ్యాథమెటికల్ రివ్యూస్' పత్రికలో సంపాదకుడు. ఆ కాలంలోనే తండ్రి హోరేస్ కూడా వేరే ఊళ్లో, వేరే కమిటీ ముందు జవాబు చెప్పనందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ధిక్కారం కేసులో 1957లో డేవిస్‌కి శిక్ష పడింది, ఆరు నెలల జైలు, 250 డాలర్ల జరిమానా. అప్పీలు చేశారు. అదే వాదనతో ఇంకో అధ్యాపకుడి కేసు, లాయిడ్ బారెన్‌బ్లాట్‌ది, ముందుగా సుప్రీంకోర్టుకి చేరింది. ఆయన కూడా ఒకప్పుడు మిషిగన్‌లోనే చదువుకుంటూ పాఠాలు చెప్పినవాడు. 1959 జూన్‌లో అయిదుగురు జడ్జీలు సభాసంఘం వైపు, నలుగురు ఆయన వైపు. ఒక్క ఓటు. దాంతో డేవిస్ దారి మూసుకుపోయింది, సుప్రీంకోర్టు ఆయన కేసు తీసుకోనే లేదు. డాన్‌బరీకి వెళ్లారు, ఇంటి దగ్గర ముగ్గురు చిన్నపిల్లలు.

లాన్సింగ్‌లో గద్దించిన క్లార్డీ ఆ 1954 నవంబరు ఎన్నికల్లోనే ఓడిపోయాడు. సభాసంఘం 1975లో రద్దయింది. అడిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. మిషిగన్‌లో ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

1962లో కెనడా ఆదుకుంది. టొరంటో యూనివర్సిటీలో చేరి జీవితమంతా అక్కడే ఉన్నారు. డేవిస్–కాహన్ అక్కడ పుట్టింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్‌తో కలిసి డ్రాగన్ కర్వ్ (కాగితాన్ని పదేపదే మడిచి విప్పితే వచ్చేలాంటి వంకర గీత) మీద రాసింది కూడా 1970లోనే. 1991 నుంచి చాలా ఏళ్లు 'మ్యాథమెటికల్ ఇంటెలిజెన్సర్' పత్రికకి సంపాదకుడిగా ఉన్నారు. ఉరుగ్వే సైనిక ప్రభుత్వం హోసె లూయిస్ మాసెరా అనే గణిత శాస్త్రవేత్తని ఏళ్ల తరబడి జైల్లో పెడితే, విడుదల కోసం టొరంటో నుంచి పనిచేసినవాళ్లలో ఈయనా ఉన్నారు. 2022 సెప్టెంబరు 24న, తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడాది నటాలీ.

మన దేశానికీ ఆయనకీ ఒక దారి ఉంది, అది రాజేంద్ర భాటియా గారి ద్వారా. ఆయన ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు గారు దాదాపు నలభై ఏళ్లు పనిచేసింది ఆ సంస్థలోనే. భాటియా, డేవిస్ కలిసి చాలా పేపర్లు రాశారు. 2000లో వచ్చిన ఒక పేపర్ చాలా చిన్నది, డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి కూడా చెప్పొచ్చు. మార్కులు సున్నా నుంచి నూరు మధ్యలో ఉన్నాయి, క్లాసు సగటు 60. అయితే వేరియన్స్ (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) ఎంత ఉన్నా 40 ఇంటూ 60, అంటే 2400 దాటదు. ఎందుకు? ఏ పిల్లాడి మార్కు తీసుకున్నా, నూరులోంచి మార్కు తీసేస్తే వచ్చేదాన్ని ఆ మార్కుతో గుణిస్తే నెగటివ్ రాదు. అందరివీ కలిపి సగటు తీస్తే అదీ నెగటివ్ కాదు. విప్పి చూడండి, వేరియన్స్ బయటపడుతుంది. ఇంత తేలిక. జైల్లో పెట్టినవాళ్ల దగ్గర లేనిది, ఉద్యోగం తీసేసినవాళ్లు పోగొట్టుకున్నది ఈ బుర్ర.

జైలుకి వెళ్లబోయే రోజుల్లో, తనని తాను ప్రవాసిగా చెప్పుకుంటూ ఆయన ఒక వ్యాసం రాశారు, అది యూనివర్సిటీలో మిగిలిపోయినవాళ్లని ఉద్దేశించింది. అంటే మనలాంటివాళ్లని. ఆయన జాలి అడగలేదు. అసమ్మతిని మీరు స్వాగతించాలి, అప్పుడప్పుడు ముచ్చటకి వినే అసమ్మతిని కాదు, పట్టుదలగా, పద్ధతిగా వాదించేదాన్ని కూడా, అన్నారు. దానికి మీరిచ్చే విలువ ఎంత ఉండాలంటే, మీరు దాన్ని వెళ్లగొట్టకుండా ఊరుకుంటే చాలదు, బయటివాళ్లు మీ చేతుల్లోంచి లాక్కుపోతుంటే ఇవ్వనని అనగలిగేంత ఉండాలి అన్నారు.

మిషిగన్ అధ్యాపకులకి ఆ మాట చెవికెక్కడానికి ముప్ఫై ఆరేళ్లు పట్టింది. 1990లో వాళ్ల సెనేట్ ఒక తీర్మానం చేసింది, మేధో స్వేచ్ఛని కాపాడడంలో యూనివర్సిటీ సమాజం విఫలమైంది, అందుకు చింతిస్తున్నాం అని. 1991 నుంచి ఆ ముగ్గురి పేరు మీద ప్రతి ఏటా విద్యా స్వేచ్ఛ గురించి ఒక ఉపన్యాసం జరుగుతోంది. పాలకమండలి మాత్రం క్షమాపణ చెప్పలేదు. అక్కడి గ్రాడ్యుయేట్ లైబ్రరీకి హ్యాచర్ పేరే ఉంది. తప్పు చేసినవాళ్ల తరం వెళ్లిపోయాక చేసినా, అధ్యాపకులు ఆ తీర్మానం చెయ్యడం నాకు పెద్ద విషయంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో వాళ్లు సభాసంఘాన్ని నిందించి ఊరుకోలేదు, తమని తామే తప్పుపట్టుకున్నారు.

మీలో కొంతమంది అంటారు, అది అమెరికా, కోల్డ్ వార్ కాలం, మన సర్వీసు రూల్స్ వేరు అని. వేరే. నేను రెండూ ఒకటే అనడం లేదు. కానీ మన దగ్గర కూడా కమిటీలు వేసేది మనతోనే. మెమో రాసేది పైవాళ్లు, ఎంక్వైరీలో ఎదురుగా కూర్చునేది మనం. పాఠం సరిగ్గా చెప్పలేదని, డబ్బు తిన్నాడని, ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణ వస్తే తప్పకుండా విచారించాలి, గట్టిగా విచారించాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. కానీ "మీరు ఏ పార్టీ, ఏ సంఘం, ఆ మీటింగ్‌కి ఎందుకెళ్లారు, ఆ పోస్టు ఎందుకు పెట్టారు" అన్నది వేరే రకం ప్రశ్న. దాన్ని మీరు అడగకండి. అడగమని కాగితం మీద రాసిచ్చినా, ఇది మా పరిధిలోది కాదు అని ఆ కాగితం మీదే రాసి వెనక్కి పంపండి. ఒక్కరు పంపితే టెన్షనే, నాకు తెలుసు. ముగ్గురు మెంబర్లూ కలిసి పంపితే ఎవరినీ ఏమీ అనలేరు. ఆ రోజు మేం ముగ్గురం ఉన్నాం, మాకు ఆ ఆలోచన కూడా రాలేదు. రెగ్యులర్ పోస్టులో ఉన్నవాళ్లని ఇంకాస్త గట్టిగా అడుగుతున్నాను. గెస్ట్, కాంట్రాక్ట్ వాళ్లు నోరు విప్పితే జూన్‌లో పేరు ఉండదు. మీకు ఉంటుంది.

ఇంకొకటి చిన్నది. 2026 డేవిస్ శతజయంతి సంవత్సరం. పీసీఏ యూనిట్‌లో ఆయన పేరు వచ్చే రోజు పది నిమిషాలు ఆగి ఈ కథ చెప్పండి. ఆ ఫుట్‌నోట్ ప్రాజెక్టర్ మీద చూపించండి. నేను పోయిన ఏడాది నుంచి చెబుతున్నాను. బెల్లు కొట్టాక కూడా పిల్లలు కదల్లేదు, "మరి ఆయన్ని జైల్లో పేపరూ పెన్నూ ఎవరు తీసుకోనిచ్చారు సార్" అని ఒకమ్మాయి అడిగింది.

పోయిన నెల ఆ రియల్ అనాలిసిస్ సహోద్యోగి నంబర్ వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో ఎంట్రన్స్ పరీక్షలకి చెబుతున్నారు. ఆ రోజు నేనడిగిన ప్రశ్న గురించి ఎత్తాను, అడిగి ఉండకూడదు అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డేవిస్ గురించి చెబితే మొత్తం విన్నారు, ఆ జైల్లో రాసిన పేపర్ ఉంటే పంపమన్నారు. పంపాను. రాత్రి పదకొండింటికి ఆయన దగ్గర్నుంచి నాలుగు ఫొటోలు వచ్చాయి, పేపర్‌లో రెండో పేజీ దగ్గర ఒక అసమానతని ఇంకో దారిలో సాధించి తెల్లకాగితాల మీద రాసినవి.

ఇట్లు,
మీలో ఒక లెక్కల మాస్టారు